నవ్వితేనే తెరుచుకునే పలక

మా బడికి ట్యాబ్ ఇవ్వబోయే ముందు, దాన్ని ఎట్లా వాడాలో నేర్పడానికి మమ్మల్ని తాలూకా కేంద్రంలో ఒక కల్యాణ మంటపానికి పిలిపించారు. ముందురోజు అక్కడ ఎవరిదో పెళ్ళి జరిగినట్టుంది. వేదిక మీద థర్మోకోల్ హంసలు రెండు ఇంకా అట్లాగే ఉన్నాయి. వాటి మధ్య నిలబడి, మాటలు రాని పిల్లలకు మాట ఇచ్చే యాప్ గురించి ఒకాయన చెప్పాడు. తెర మీద బొమ్మలుంటాయి. నీళ్ళ గ్లాసు, అన్నం పళ్ళెం, మంచం, మరుగుదొడ్డి, అమ్మ, నొప్పి. బొమ్మ నొక్కితే ఆ మాట బయటికి పలుకుతుంది. రెండు మూడు బొమ్మలు వరసగా నొక్కితే అదే వాక్యం కట్టి చెబుతుంది.

చెప్పడం అయ్యాక ఆయన తలా ఒక ట్యాబ్ చేతికిచ్చి మాకొక పరీక్ష పెట్టాడు. భోజనాల దాకా టీచర్లెవరూ నోరు తెరవకూడదు, ఏం కావాలన్నా ట్యాబ్‌తోనే అడగాలి అన్నాడు. టీచర్లు నిండిన హాలు అంత నిశ్శబ్దంగా ఉండటం నా ఉద్యోగంలో అదొక్కసారే చూశాను. తర్వాత ఎవరో ఆకలి బొమ్మ నొక్కారు. వెంటనే హాలంతా అదే బొమ్మ నొక్కింది. ఒకే గొంతు నాలుగు మూలల నుంచీ నాకు ఆకలిగా ఉన్నది, నాకు ఆకలిగా ఉన్నది అని మొత్తుకుంటుంటే వంటవాళ్ళు కంగారుపడి, అన్నం ఇంకా సగం ఉడికి ఉండగానే ఆకులు పరిచారు. నా పక్కన కూర్చున్న మేష్ట్రు సరదాకి నొప్పి బొమ్మ నొక్కుతూ అందరినీ నవ్వించాడు. కాసేపటికి, నిజంగానే నడుం పట్టేసిన ఒక మేడం అదే బొమ్మ నొక్కింది. దానికీ అందరం నవ్వాం. ఆవిడ కళ్ళలో నీళ్ళు చూసేదాకా ఎవరం లేవలేదు. శిక్షణలో చెప్పినవన్నీ మరిచిపోయాను గానీ, ఆవిడ ముఖం మాత్రం మరిచిపోలేదు.

నేను పుట్టి పెరిగింది కంప్లిలో. ఉద్యోగం హచ్చొళ్ళి దాటి, కాలవ పక్కన ఉన్న ఒక ఊళ్ళో. కన్నడ రాష్ట్రం, కన్నడ బడి, తెలుగు పిల్లలు. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడ, సంతలో రెండూ కలిపి ఉర్దూ కూడా. బడికి ఇద్దరమే టీచర్లం, నేనూ మా హెడ్ మేష్ట్రూ. ఆయనది సండూరు కొండల వైపు చోరనూరు. ఇంటి భాష కన్నడ. ఇస్త్రీ చెడని చొక్కా, జేబులో ఎర్ర పెన్ను. ఆయన నవ్వగా చూశామని ఊళ్ళో ఎవరూ చెప్పలేదు.

మాకు వచ్చిన ట్యాబ్ ఒక్కటి. అది ఒకే ఒక్క పిల్ల కోసం వచ్చింది. ఆ పిల్ల అప్పుడు నాలుగో తరగతి. పుట్టేటప్పుడే మెదడుకు ఊపిరందక కాళ్ళు నిలవలేదు, మెడ ఒక పక్కకు వాలుతుంది, ఎడమ చెయ్యి తన మాట వినదు. గొంతులోంచి శబ్దాలు వస్తాయి గానీ అవి మాటలు కావు. కుడిచేతి బొటనవేలు మాత్రం చెప్పినట్టు వింటుంది. బుర్ర మాకంటే చురుకు. అమ్మా నాన్నా నాట్లకీ మిరపకాయల కోతకీ కూలికి పోతారు కాబట్టి వాళ్ళ అవ్వ రోజూ ఆ పిల్లను చంకన వేసుకుని బడికి తెచ్చేది. తెచ్చి, తిరిగి ఎత్తుకుపోవాలి గనక వరండాలోనే సాయంత్రం దాకా కూర్చునేది. అట్లా కూర్చుని కూర్చుని అవ్వకు ఎక్కాలు కూడా వచ్చాయి.

ట్యాబ్‌లో కన్నడానికి ఒక ఆడగొంతు ఉంది, తెలుగుకు ఒక మగగొంతు. రెండూ వినిపించి ఏది కావాలని పిల్లను అడిగాను. కన్నడ గొంతు విని ఊరుకుంది. తెలుగు గొంతు వినగానే మెడ నిటారుగా లేచింది. అది రైల్వే స్టేషన్‌లో బండి ఆలస్యంగా నడుస్తున్నదని చెప్పే గొంతు. గంభీరం, మర్యాద, ఒక్క అక్షరం కూడా మింగదు. ఆ పిల్లకు అదే కావాలట. తొమ్మిదేళ్ళ పిల్ల నోటి నుంచి యాభై ఏళ్ళ పెద్దమనిషి మాట్లాడటం నాకే మొదట ఎట్లాగో అనిపించింది. అయినా ఎంచుకున్నది తను, నాకు నచ్చకపోతే ఏం.

మొదటిరోజు మధ్యాహ్నం భోజనాలప్పుడు అవ్వ ఎప్పటిలాగే అరటిపండు పాలలో పిసికి తినిపించబోయింది. పిల్ల బొటనవేలు కదిలింది.

"నాకు అరటిపండు ఇష్టం లేదు" అన్నది ట్యాబ్.

అవ్వ పైట సర్దుకుంది. గొంతు ఎక్కడి నుంచి వచ్చిందో అటు తిరిగి, ఎంతో వినయంగా చెప్పింది. "నీకు ఇష్టం లేకుంటే నువ్వు తినొద్దప్పా. పిల్ల తింటాది."

ఆ మాట అన్నది పిల్లేనని నేను వివరించాను. అవ్వ గిన్నె కింద పెట్టి చాలాసేపు పిల్ల వైపు చూసింది. పాలపళ్ళు రాకముందు నుంచీ ఆ పిల్లకు అదే పెడుతోంది మరి. మింగుతుంది గనక ఇష్టమే అనుకుంది. ఆ వారమంతా ఆ పిల్ల నొక్కిన బొమ్మల్లో ఎక్కువ భాగం వద్దు, ఇష్టం లేదు, చాలు. ఇన్నేళ్ళుగా దాచిపెట్టిన వద్దులన్నీ ఒకటొకటిగా బయటికి తీసింది. తలకు ఆముదం వద్దు. ఆకుపచ్చ గౌను వద్దు. నా పాటల పీరియడ్ కూడా చాలు. చివరిది విన్నప్పుడు నాకు కొంచెం కష్టంగానే అనిపించింది.

ట్యాబ్‌ను సాయంత్రం ఇంటికి తీసుకుపోవచ్చు. అక్కడ అవ్వకు వేరే చిక్కు వచ్చింది. చీర మార్చుకునేటప్పుడు ట్యాబ్ మీద తువ్వాలు కప్పుతోందని, అన్నానికి పిలిచేటప్పుడు దాన్ని కూడా పిలుస్తోందని పిల్ల వాళ్ళమ్మ నవ్వుతూ చెప్పింది. ఒకరోజు అవ్వే నన్ను పక్కకు పిలిచి, ఆయప్పది ఏ ఊరు, ఇల్లూ వాకిలీ ఉన్నాయా అని అడిగింది. లోపల మనిషి లేడు అవ్వా, మిషన్ అన్నాను.

"మిషనైతే అంత మర్యాదగా ఎట్ల మాట్లాడతాది?" అంది అవ్వ. "మా పిండి మిషను ఎట్ల అరుస్తాదో సూడు."

అప్పటి నుంచీ ఆమె అతన్ని ఇంటికి వచ్చిన దూరపు చుట్టంలాగా చూసుకుంది. ఉండనిస్తుంది, గౌరవిస్తుంది, పూర్తిగా నమ్మదు.

ఇట్లా నడుస్తుండగా ఒకరోజు పొద్దున ట్యాబ్ తెరుచుకోలేదు. రాత్రి తనంతట తానే కొత్తగా మారిందట. తెర మీద ఒక వాక్యం వచ్చి నిలిచింది. "మీ భద్రత కోసం ఈ వాక్యాన్ని మీ సొంత గొంతుతో చదవండి: నా గొంతే నా గుర్తింపు."

నేను ఆ వాక్యాన్ని మళ్ళీ మళ్ళీ చదువుకున్నాను, నాకే అర్థం కాలేదేమోనని. తర్వాత సహాయవాణికి ఫోన్ చేశాను. మాట్లాడిన అబ్బాయి చాలా మంచివాడు. మా పిల్లకు మాటలు రావు, ఈ వాక్యం ఎట్లా చదువుతుంది అని అడిగాను.

"అవును మేడం, ఈ యాప్ మాటలు రానివాళ్ళ కోసమే" అన్నాడు. "మాటలు వచ్చేవాళ్ళు వాడేసుకోకూడదు కదా. అందుకే గొంతు పరీక్ష పెట్టారు."

మాటలు రాని పిల్ల గొంతు పరీక్షలో ఎట్లా గెలుస్తుందని మళ్ళీ అడిగాను. ఒకసారి పిల్లకే ఫోన్ ఇవ్వండి, నేను అర్థమయ్యేలా చెబుతాను అన్నాడు. ఇచ్చాను. అతను ఓపికగా చాలాసేపు వివరించాడు. పిల్ల ఓపికగా విన్నది. అటు నుంచి హలో హలో అని వినబడింది. చివరికి ఫోన్ నేను తీసుకుంటే, లైన్‌లో పిల్ల ఏమీ మాట్లాడటం లేదు మేడం అని ఫిర్యాదు చేశాడు. అందుకే కదా బాబూ నేను ఫోన్ చేసింది అన్నాను. తర్వాత ఒక దారి చెప్పాడు. పిల్ల ఆ వాక్యం చదవడానికి ప్రయత్నించి చదవలేకపోతున్నట్టు వీడియో తీసి పంపితే మినహాయింపు వస్తుందట. చదవలేకపోవడం స్పష్టంగా వినబడాలట.

ఈలోగా మా తరగతి పిల్లలు ఊరుకోలేదు. ఒక్కొక్కరూ వచ్చి ట్యాబ్ ముందు నిలబడ్డారు. కానీ వాళ్ళకు తెలుగు చదవడం రాదు, మాట్లాడటమే వచ్చు. నేను ఆ తెలుగు వాక్యాన్ని బోర్డు మీద కన్నడ అక్షరాల్లో రాశాను. తెలుగు పిల్లలు తెలుగు మాటను కన్నడంలో చదివి వినిపిస్తే, ట్యాబ్ అందరినీ విని, స్వరం సరిపోలలేదు అంది. అవ్వ కూడా ప్రయత్నించింది. "సామీ, మేమే. తలుపు తియ్యి" అని మెల్లగా తట్టింది. స్వరం సరిపోలలేదు.

ఇక వీడియో తప్పదని పిల్లను ట్యాబ్ ఎదురుగా కూర్చోబెట్టి నా ఫోన్ పట్టుకున్నాను. పిల్లకు కోపంగా ఉంది. ఉండదా మరి. గొంతు పోయిన మనిషిని, పోయిందని గొంతెత్తి చెప్పమంటే. అప్పుడే హెడ్ మేష్ట్రు గదిలోంచి వచ్చారు. పాఠం నేర్పినట్టు నేర్పితే ఏదో ఒకటి అవుతుందని ఆయన నమ్మకం. తెలుగు ఆయన మాట్లాడతారు గానీ చదవలేరు. మన రెండు లిపులూ అక్కచెల్లెళ్ళు కాబట్టి సగం అక్షరాలు పోల్చుకుని, మిగతా సగం ఊహించుకుంటారు. చేతులు వెనక్కి కట్టుకుని, తెర వైపు వంగి, పెద్దగా, స్పష్టంగా చదివారు.

"నా గొంతే నా గుర్రం."

తరగతి పిల్లలంతా గోడలు అదిరేలా నవ్వారు. అందరికంటే గట్టిగా నవ్వింది మా పిల్ల. దాని నవ్వు మామూలుగా ఉండదు. కడుపులో ఎక్కడో మొదలై, గొంతులో రెండు మూడు చోట్ల ఆగి, చివరికి ఎక్కిళ్ళ లాగా బయటికి వస్తుంది. ఆ ఎక్కిళ్ళు విని ట్యాబ్ ఆకుపచ్చగా వెలిగింది. "స్వాగతం. మీ గొంతును గుర్తించాము" అంది.

అంతా సరిపోయిందనుకున్నాం. మర్నాడు పొద్దున మళ్ళీ అదే వాక్యం. సహాయవాణి అబ్బాయి సంతోషించాడు. గొంతు నమోదయింది మేడం, ఇక రోజూ మొదటిసారి తెరిచేటప్పుడు అదే గొంతు వినిపిస్తే చాలు అన్నాడు. అది గొంతు కాదు, నవ్వు అన్నాను. ఏదైనా ఒకటే కదా మేడం అన్నాడు. మార్చాలంటే ట్యాబ్ వెనక్కి పంపాలి, ఎప్పుడు తిరిగొస్తుందో చెప్పలేనన్నాడు.

అట్లా మా బడిలో ప్రార్థన తర్వాత కొత్త కార్యక్రమం మొదలైంది. ఆ పిల్లను నవ్వించాలి. నవ్వితే మాట వస్తుంది, లేకపోతే ఆ రోజంతా లేదు. కోపంతో ఉన్నరోజే మనిషికి మాట ఎక్కువ అవసరం. ఆ రోజే ట్యాబ్ మూసుకుని కూర్చునేది. దీన్ని ఎవరు ఆలోచించి పెట్టారో గానీ, వాళ్ళు ఎప్పుడూ అలిగి ఉండరు.

మొదట్లో గుర్రం చాలింది. హెడ్ మేష్ట్రు గంభీరంగా వచ్చి ఆ వాక్యం చదివి వెళ్ళేవారు, హాజరు తీసుకున్నట్టు. కొన్నాళ్ళకు గుర్రం పాతబడింది. పిల్ల పెదవి కూడా కదపలేదు. పిల్లలు కోతిలా గెంతారు, నేను నా పాటే పాడి చూశాను. అది నవ్వు తెప్పించే పాటే గానీ, ఆ పిల్లకు అది బాధ. చివరికి హెడ్ మేష్ట్రు తన హెల్మెట్ వెనక్కి తిప్పి పెట్టుకుని, దారి కనిపించక తలుపు కోసం తడుముకుంటూ తరగతిలోకి వచ్చారు. ట్యాబ్ తెరుచుకుంది. తర్వాత ఒకరోజు మధ్యాహ్నం బిసియూట వడ్డించే గంటెను ఫోన్‌లాగా చెవి దగ్గర పెట్టుకుని పైఅధికారితో మాట్లాడారు. ఒకరోజు తన పేరే హాజరులో పిలుచుకుని, తనే లేచి నిలబడి, ఆలస్యంగా వచ్చినందుకు తనకే గుంజీలు వేయించుకున్నారు. అయిపోగానే చొక్కా సర్దుకుని లెక్కల పాఠంలోకి వెళ్ళిపోయేవారు. దాని గురించి ఒక్క మాట మాట్లాడేవారు కాదు. కానీ పొద్దున బండి స్టాండు వేస్తూ ఆయన ముఖంలో ఏదో ఆలోచన ఉండేది. దారి పొడుగునా అదే ఆలోచించుకుంటూ వస్తున్నారని నాకు తెలుసు. పిల్లలు ఆలస్యంగా రావడం మానేశారు. ఈరోజు సార్ ఏం చేస్తారో చూడకపోతే ఎట్లా?

మా పిల్ల సంగతి పైవాళ్ళకు ఎవరు చెప్పారో, ఒకరోజు ఒక అధికారి కారులో వచ్చాడు. మాటలు రాని పిల్ల మాట్లాడటం చూడాలట. ఆరోజు ప్రార్థన ముందే హడావుడిగా అయిపోయింది. నవ్వించే పని మిగిలిపోయింది. అధికారి కుర్చీలో కూర్చుని, ఊఁ, మొదలుపెట్టండి అన్నాడు. హెడ్ మేష్ట్రు నా వైపు చూశారు. నేను ఆయన వైపు చూశాను.

ట్యాబ్ తెరుచుకోవాలంటే పిల్ల నవ్వాలి సార్ అని చెప్పక తప్పలేదు. అధికారి నేనేదో తిక్కగా మాట్లాడుతున్నానని అనుకున్నాడు. తెర మీద వాక్యం చూపించి మొదటి నుంచీ చెప్పాను. పాపం, మంచి మనిషే. అయితే నవ్విద్దాం అని ఒక జోకు చెప్పాడు. కన్నడంలో, ఒక రైతూ ఒక బ్యాంకు మేనేజరూ ఉన్న జోకు. నేను నవ్వాను, ఆయన డ్రైవరు నవ్వాడు. పిల్ల నవ్వలేదు. నవ్వమ్మా అని బుజ్జగించాడు. నవ్వాలి అని గట్టిగా చెప్పాడు. పిల్ల ఆయన్ని ఒక పాఠం చూసినట్టు చూసింది. అవ్వకు కంగారు పట్టుకుంది. "నవ్వవే, కారేసుకోని వచ్చిండాడు" అని చెవిలో చెప్పింది.

హెడ్ మేష్ట్రు ఏమీ చెయ్యలేదు. ఎట్లా చేస్తారు, అధికారి ఎదురుగా. రెండు చేతులూ ముందు కట్టుకుని, పొట్ట లోపలికి పీల్చుకుని, గోడకు ఆనించిన పలుగులాగా నిలబడ్డారు. ముందురోజే ఆ గదిలో ఎద్దులాగా రంకె వేసిన మనిషి. పిల్ల చూపు తిరిగి తిరిగి ఆయన మీదికి వచ్చి ఆగింది. కట్టుకున్న చేతులు చూసింది, బిగించిన మెడ చూసింది. కడుపులో ఆ నవ్వు మొదలవడం నాకు కనిపించింది. ఆపుకుందామని చూసింది, దాని వల్ల కాలేదు. ఆయన చేసిన వాటన్నిట్లోకీ దానికి అదే పెద్ద నవ్వులాట అయింది. ట్యాబ్ వెలిగింది.

అధికారి చప్పట్లు కొట్టాడు. ఇప్పుడు ఏమైనా మాట్లాడమన్నాడు. పిల్ల నొక్కింది.

"నేను మరుగుదొడ్డికి వెళ్ళాలి."

అద్భుతం అన్నాడు అధికారి. ఫోన్ తీసి, వీడియో కోసం మళ్ళీ చెప్పమన్నాడు. పిల్ల మళ్ళీ చెప్పింది. వెలుతురు సరిగా లేదని కిటికీ వైపు జరిపి ఇంకోసారి అన్నాడు. పిల్ల ఆగకుండా అదే బొమ్మ నొక్కడం మొదలుపెట్టింది. ఆ స్టేషన్ గొంతు, నేను మరుగుదొడ్డికి వెళ్ళాలి, నేను మరుగుదొడ్డికి వెళ్ళాలి అని ఒకే మర్యాదతో ప్రకటిస్తూ పోయింది. ఎంత బాగా నేర్పారు అని అధికారి నన్ను మెచ్చుకున్నాడు. నాకు కల్యాణ మంటపంలో నడుం పట్టుకుని కూర్చున్న ఆవిడ గుర్తొచ్చింది. సార్, అది పాఠం కాదు, పిల్లకు నిజంగా వస్తోంది అన్నాను. అప్పటికే అవ్వ పిల్లను ఎత్తుకుని బయటికి నడిచింది.

అధికారి కూడా వెనకే వచ్చాడు. మా మరుగుదొడ్డికి మెట్లున్నాయి, తలుపు ఇరుకు. అవ్వ పిల్లను భుజం మీదికి మార్చుకుని, ఒక్కొక్క మెట్టూ రెండు కాళ్ళతో ఎక్కి, తలుపులోకి అడ్డంగా దూరింది. ఆయన అక్కడే నిలబడిపోయాడు. అవ్వ తిరిగి దిగాక ఆయాసం తీర్చుకుంటూ ఆయనతో అంది. "మీరిచ్చిన ఆయప్ప నోటితో సెప్తాండాడు సామీ. ఎత్తుకోని పొయ్యేది నేనే గదా. ఆయప్పకి నడుం ల్యా, నాకు నడుం పోయిండాది."

అధికారి వెళ్ళేటప్పుడు ఆ మెట్లను కూడా ఫోటో తీసుకున్నాడు. ఇలాంటి ఫోటోలు ఎక్కడికి పోతాయో మాకు తెలుసు గనక ఎవరం ఏమీ ఆశించలేదు. కానీ ఎండాకాలం సెలవుల్లో పంచాయితీ నుంచి సిమెంటు వచ్చింది. మెట్ల పక్కన ర్యాంపు కట్టమని ఆజ్ఞ.

ర్యాంపు కట్టిన మేస్త్రి పనిమంతుడే. బడికి కడుతున్నానన్న భక్తితో దాన్ని దేవుడిగదిలా నున్నగా తీర్చాడు. ఎర్రరంగు కలిపి, రాయితో రుద్ది, ముఖం కనిపించేలా మెరుగు పెట్టాడు. స్థలం తక్కువ కావడంతో వాలు చాలక కొంచెం నిట్రంగా కూడా వచ్చింది. బడి తెరిచిన రోజు అవ్వ పిల్లను ఎత్తుకుని దాని మీద ఒక అడుగు వేసి, వెంటనే వెనక్కి జారింది. నేను పట్టుకోకపోతే ఇద్దరూ పడేవాళ్ళు. అది ఎక్కడం ఎవరి వల్లా కాలేదు. దిగడం మాత్రం అందరికీ వచ్చింది. మధ్యాహ్నానికి బడి పిల్లలంతా మెట్లెక్కి, మరుగుదొడ్డి ముందు వరస కట్టి, ర్యాంపు మీద జారుతున్నారు. ఊళ్ళో జారుడుబండ లేదు. ఇప్పుడు వచ్చింది, ప్రభుత్వ ఖర్చుతో.

ఎవరి కోసం కట్టారో ఆ పిల్ల వేపచెట్టు నీడలో అవ్వ ఒళ్ళో కూర్చుని చూసేది. నాకూ జారాలని ఉంది అని రెండుసార్లు చెప్పింది. నేను పిల్లల్ని ఆపి వరసలో దానికి చోటు ఇప్పించబోయాను. కానీ ఎత్తుకుని మెట్లెక్కి, ఒళ్ళో పెట్టుకుని జారడానికి నిదానం కావాలి. వెనక నుంచి తోసుకొచ్చే పిల్లలకు నిదానం ఎక్కడిది? రేపు చూద్దామన్నాను. ఆ తర్వాత రోజూ అదే చెప్పాను. రేపు చూద్దాం అనే బొమ్మ ట్యాబ్‌లో లేదు గానీ, పెద్దవాళ్ళ నోట్లో ఎప్పుడూ ఉంటుంది.

ఒకరోజు నేను మామూలుగా బస్సు దిగి వచ్చేసరికి బడి ఖాళీగా ఉంది. గంట కొట్టాను. ఎవరూ రాలేదు. వంటావిడ బియ్యం కడిగి పెట్టుకుని నా వైపు చూస్తోంది. బయటికి వెళ్ళి, ఇంటి ముందు గోలీలాడుతున్న మా బడి పిల్లల్ని అడిగితే, ఈరోజు సెలవు కదా టీచర్ అన్నారు. ఎవరు చెప్పారంటే, ట్యాబ్‌లో చెప్పినారు అన్నారు.

విషయం ఇది. ముందు సాయంత్రం కొళాయి దగ్గర ఆడవాళ్ళు నీళ్ళు పట్టుకుంటున్నారు. అవ్వ వాకిట్లో పిల్లను కూర్చోబెట్టి లోపల పొయ్యి చూస్తోంది. అప్పుడు ట్యాబ్, బండి రద్దయిందని చెప్పే గొంతుతో, "రేపు పాఠశాలకు సెలవు" అని ప్రకటించింది. ఎందుకు సెలవని ఎవరో అడిగారు. "నాకు తెలియదు" అంది ట్యాబ్. దాంతో ఊరందరికీ నమ్మకం కుదిరింది. పైనుంచి వచ్చిన సెలవుకు కారణం ఎప్పుడు, ఎవరికి తెలిసింది గనక?

నేను బడికి తిరిగొచ్చేసరికి అవ్వ చంకన పిల్లతో గేటు దాటి వస్తోంది. రేపు బడి ఉంది, పోదాం అని రాత్రి అవ్వకు మాత్రం ఆ గొంతే చెప్పిందట. అవ్వకు ఏమీ అర్థం కాలేదు. నాకు అర్థమైంది. పిల్ల నా ముఖంలోకి చూడకుండా ర్యాంపు వైపు చూస్తోంది.

నేను చెప్పులు విప్పి, పిల్లను ఎత్తుకుని మెట్లెక్కి, పైన కూర్చుని ఒళ్ళో పెట్టుకున్నాను. అవ్వ కింద చీర కొంగు బిగించి, రెండు చేతులూ చాచి నిలబడింది. జారాం. నేను టీచర్ అయ్యాక అట్లా అరిచింది లేదు. పిల్ల నవ్వింది, అదే ఎక్కిళ్ళ నవ్వు. దాని ఒళ్ళోనే ఉన్న ట్యాబ్ "స్వాగతం" అంది. మళ్ళీ ఎక్కాం.

మేం ఎన్నోసారో కిందికి వస్తుండగా హెడ్ మేష్ట్రు బండి దిగి అక్కడే నిలబడి ఉన్నారు. ఖాళీ తరగతులు చూశారు, నన్ను చూశారు, నా చీరకు అంటిన ఎర్రరంగు చూశారు. సెలవు ఇచ్చిందెవరని అడిగారు. పిల్ల కాసేపు ఆలోచించి, "నేను" అని నొక్కింది.

ఆయన తిట్టారు. నిజంగానే తిట్టారు, కన్నడం తెలుగు కలిపి. అబద్ధం చెప్పి బడి ఎగ్గొట్టిస్తావా, ఊరందరినీ మోసం చేస్తావా, రేపు ప్రార్థనలో అందరి ముందూ తప్పు ఒప్పుకోవాలి, మీ నాన్నను పిలిపిస్తాను అన్నారు. వేరే ఏ పిల్లను తిట్టినా ఆయన ఇట్లాగే తిడతారు. అవ్వకు కోపం వచ్చి, "కాళ్ళు ల్యాని పిల్లనా నువ్వు తిట్టేది?" అని అడ్డం పోయింది.

"కాలు ల్యా, సరే. నాలికె ఎంత పొడుగు ఉండాది చూడు అజ్జీ" అన్నారు ఆయన.

నేను పిల్ల వైపు చూశాను, ఏడుస్తుందేమోనని. ఏడవలేదు. మెడ నిలబెట్టుకుని, కళ్ళు పెద్దవి చేసుకుని, ఒక్క మాట కూడా వదలకుండా వింటోంది. ఆ బడిలో ఆ పిల్లను ఎవరైనా తిట్టడం అదే మొదటిసారి. అందరం దానికి జాలిపడ్డాం, ఎత్తుకున్నాం, నవ్వించాం, వీడియో తీశాం. తిట్టే పని మాత్రం ఎవరికీ తోచలేదు. ఆయన ఊపిరి పీల్చుకోవడానికి ఆగినప్పుడు, ఇంకా ఉందా అన్నట్టు చూసింది.

మర్నాడు ప్రార్థనలో తప్పు ఒప్పుకుంది. "నన్ను క్షమించండి" అని స్టేషన్ గొంతు ప్రకటించగానే పిల్లలంతా, మళ్ళీ ఎప్పుడు సెలవిస్తావని దాని చుట్టూ మూగారు. ఆ వారంలోనే మేస్త్రిని పిలిపించి ర్యాంపు మీద ఉలితో గాట్లు పెట్టించాం, పక్కన ఇనుప పైపు బిగించాం. పిల్లలు ఆ మేస్త్రితో చాలా రోజులు మాట్లాడలేదు. తర్వాత ఎక్కడి నుంచో చక్రాల కుర్చీ వచ్చింది. అది మరుగుదొడ్డి తలుపులో పట్టలేదు. తలుపు ఊడదీసి పరదా కట్టాం. ఇప్పుడు అవ్వ పైపు పట్టుకుని, కుర్చీ తోసుకుంటూ ఎక్కుతుంది. పిల్ల లోపల ఉన్నంతసేపూ పరదా బయట నిలబడి కాపలా కాస్తుంది. ట్యాబ్‌ను మాత్రం ఆ కాసేపు తన దగ్గరే, కొంగు కప్పి పట్టుకుంటుంది.